మీ చుక్క ఎక్కడ పడింది?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

గత రెండు నెలలుగా శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి ఈ శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లో చాలావాటి విషయం ఒక్కటే. కొన్ని వాక్యాలు చూపించి, ఒప్పుకుంటారా లేదా అని అడిగి, చివర్లో మన రాజకీయ మొగ్గు ఇదీ అని తేల్చి చెప్పే ఆన్‌లైన్ క్విజ్‌ల గురించి పాఠకులు అడుగుతున్నారు. వాటిలో ఐదు ఉత్తరాలకు ఈ సంచికలో జవాబు ఇస్తున్నాను. మొదటి ఉత్తరంలో అడిగిన సంగతి పెద్దది కాబట్టి దానికే ఎక్కువ చోటు కేటాయించాను.

ప్రశ్న: నేను విజయనగరంలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. హాస్టల్లో స్నేహితురాళ్లతో కలిసి ‘పొలిటికల్ కంపాస్’ అనే క్విజ్ చేస్తే నా చుక్క ఎడమవైపు కింది గడిలో పడింది. విశాఖపట్నంలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న మా అన్నయ్య చుక్క కుడివైపు కింది గడిలో పడింది. ఈ సంగతి ఇంట్లో చెబితే, పార్వతీపురం దగ్గరి పల్లెలో పుట్టి పెరిగిన మా నాన్నగారి ముఖం మారిపోయింది. ‘ఈ ఎడమలూ కుడులూ మనకెందుకమ్మా’ అని లేచి వెళ్లిపోయారు. వారం తర్వాత మళ్లీ చేస్తే నా చుక్క దాదాపు మధ్యకు వచ్చేసింది. ఇంతకీ నేను ఎటువైపు? ఏ ఫలితాన్ని నమ్మాలి?
– ఒక విద్యార్థిని, విజయనగరం

జవాబు: అమ్మా, రెండుసార్లూ ఆ క్విజ్ లెక్క తప్పలేదు. ఏ రోజు ఏ వాక్యానికి ఏ జవాబు నొక్కారో వాటినే కూడి చూపించింది. మీ జవాబులు మారాయి కనుక చుక్క కూడా మారింది. అందువల్ల మీరు ఎటువైపు అన్నది ఆ చుక్కను చూసి తేల్చుకోవద్దని మొదటే చెబుతున్నాను. ఎందుకో తెలియాలంటే అది ఎలా పనిచేస్తుందో కొంచెం ఓపిగ్గా చూడాలి.

ఈ క్విజ్ 2001లో ఇంటర్నెట్‌లోకి వచ్చింది. అందులో 62 వాక్యాలు ఉంటాయి. ప్రతి వాక్యానికీ గట్టిగా ఒప్పుకుంటాను, ఒప్పుకుంటాను, ఒప్పుకోను, అసలే ఒప్పుకోను అన్న నాలుగు జవాబుల్లో ఒకటి ఎంచుకోవాలి. ‘తెలియదు’ అనడానికి గానీ, ‘సందర్భాన్ని బట్టి’ అనడానికి గానీ చోటు లేదు. చివర్లో రెండు గీతలు కనిపిస్తాయి. అడ్డగీత ఆర్థిక విషయాలకు సంబంధించినది. ఎడమకు వెళ్లేకొద్దీ సంపద మీద ప్రభుత్వానికో సమష్టికో అదుపు ఉండాలని, కుడికి వెళ్లేకొద్దీ మార్కెట్‌కు వదిలేయాలని అర్థం. నిలువుగీత అధికారానికి సంబంధించినది. పైన కట్టుబాటు, కింద వ్యక్తి స్వేచ్ఛ. రెండు గీతలకూ మైనస్ 10 నుంచి ప్లస్ 10 దాకా కొలతలు ఉంటాయి. మీ జవాబులన్నీ కలిసి ఆ పటం మీద ఒక్క చుక్కగా మారతాయి.

మనిషి రాజకీయాన్ని ఒక్క గీత మీద కొలవలేమన్న ఆలోచన ఆ క్విజ్‌కు చాలా ముందు నుంచే ఉంది. బ్రిటన్‌లో పనిచేసిన మనస్తత్వ శాస్త్రవేత్త హాన్స్ ఐసెంక్ 1954లోనే రెండు గీతల పద్ధతిని ప్రతిపాదించాడు. అమెరికాలో డేవిడ్ నోలన్ 1969లో ఆర్థిక స్వేచ్ఛకు ఒక గీత, వ్యక్తిగత స్వేచ్ఛకు ఒక గీత వేసి పటం గీశాడు. దాని ఆధారంగా 1985లో మార్షల్ ఫ్రిట్జ్ పది ప్రశ్నల చిన్న క్విజ్ తయారుచేశాడు. నోలన్ అక్కడి లిబర్టేరియన్ పార్టీ వ్యవస్థాపకుల్లో ఒకడు. ప్రభుత్వ జోక్యం తగ్గాలన్న ఆశయంతో పనిచేసే సంస్థ కోసం ఫ్రిట్జ్ ఆ ప్రశ్నలు రాశాడు. ఇది తెలిశాక ఆ పది ప్రశ్నలను మళ్లీ చదివితే, అవునన్న ప్రతి జవాబూ మనల్ని ఆ సంస్థ ఆశయానికి ఒక్కో మెట్టు దగ్గర చేసేలా ఉండటం గమనిస్తాం. ఏ క్విజ్ చేసినా, తయారుచేసినవారు ఎవరో ముందు తెలుసుకోవడం మంచిది.

ఇక ‘మధ్యకు వచ్చేసింది’ అన్నారు కదా, ఆ మధ్య అంటే ఏమిటో ఒక చిన్న లెక్కతో చెబుతాను. ఒక గీతకు పది వాక్యాలు ఉన్నాయనుకోండి. ఒక రైతు ఐదింటికి ఎడమవైపు గట్టిగా, మిగిలిన ఐదింటికి కుడివైపు గట్టిగా జవాబిచ్చాడు. కూడితే సున్న. ఇంకొకాయన ఏ విషయం గురించీ ఎన్నడూ ఆలోచించలేదు, చేతికి వచ్చినట్టు అటు ఐదు, ఇటు ఐదు నొక్కాడు. కూడితే అదీ సున్నే. ప్రాణం పెట్టి నమ్మిన పది అభిప్రాయాలున్న మనిషీ, ఒక్క అభిప్రాయమూ లేని మనిషీ పటం మీద ఒకే చోట నిలబడతారు. మీ చుక్క మధ్యకు వచ్చినంత మాత్రాన మీరు మధ్యేవాది అయిపోలేదు. కొన్ని జవాబులు ఒకదానినొకటి కొట్టేసుకున్నాయి, అంతే.

వారంలో జవాబులు ఎందుకు మారాయని మీరు కంగారు పడుతున్నట్టున్నారు. అందులో మీ తప్పేమీ లేదు. ఒకే మనుషులను కొన్నేళ్ల తేడాతో అవే ప్రశ్నలు మళ్లీ అడిగితే చాలామంది జవాబులు అటూ ఇటూ మారిపోతున్నాయని, ఆ మార్పు అభిప్రాయం మారడం వల్ల కాక అసలు స్థిరమైన అభిప్రాయమే లేకపోవడం వల్ల వస్తోందని ఫిలిప్ కన్వర్స్ అనే అమెరికా పండితుడు 1964లో రాశాడు. ప్రశ్నలో ఒక్క మాట మారినా జవాబు మారుతుంది. 1941లో డొనాల్డ్ రగ్ ప్రకటించిన సర్వే ఇందుకు పాత ఉదాహరణ. ప్రజాస్వామ్యానికి వ్యతిరేకంగా బహిరంగ ఉపన్యాసాలను ‘అనుమతించాలా’ అని కొందరు అమెరికన్లను అడిగితే 62 శాతం మంది అనుమతించకూడదన్నారు. అవే ఉపన్యాసాలను ‘నిషేధించాలా’ అని మరికొందరిని అడిగితే నిషేధించాలన్నవారు 46 శాతమే. అనుమతించకపోవడానికీ నిషేధించడానికీ ఆచరణలో తేడా లేదు. కానీ నిషేధం అన్న మాట చెవికి కటువుగా తగులుతుంది.

‘ఫలితం చదివితే అచ్చం నా గురించే రాసినట్టుంది’ అని ఇదే విషయం మీద రాసిన మరొకరు అన్నారు. 1948లో బెర్‌ట్రమ్ ఫోరర్ అనే అధ్యాపకుడు తన విద్యార్థులు 39 మందికి ఒక పరీక్ష పెట్టి, ఎవరి ఫలితం వారికి విడిగా ఇస్తున్నట్టుగా కాగితాలు పంచాడు. అది తమ స్వభావానికి ఎంత సరిపోయిందో ఐదుకు మార్కులు వేయమంటే సగటున 4.26 వేశారు. నిజానికి అందరి చేతిలోనూ ఉన్నది ఒకే కాగితం. ఫలితం కింద వచ్చే వర్ణన మనకు నచ్చితే అది ఎవరికైనా నచ్చేలా రాసిందేమోనని ఒకసారి అనుమానించాలి.

ఇప్పుడు నా అనుభవం ఒకటి చెబుతాను. ఉద్దానంలో మా పిన్ని ఉంది. ఆరో తరగతితో చదువు ఆపేసింది. మొన్న వేసవిలో వాళ్ల ఇంటికి వెళ్లినప్పుడు, ఆమె అరుగు మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తుంటే, నేను ఇలాంటి వాక్యాలను ఒక్కొక్కటిగా తెలుగులోకి మార్చి చదివాను. ‘ప్రభుత్వం సాయం చేస్తే మనుషులు సోమరులైపోతారు’ అన్న అర్థం వచ్చే వాక్యం దగ్గర ఆమె చేతిలో పని ఆపింది. ‘ఏ సాయం? పింఛనా, బియ్యమా, తిత్లీకి ఇచ్చిన డబ్బులా?’ అని అడిగింది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు వాళ్ల కొబ్బరిచెట్లు సగానికి సగం పడిపోయాయి. కొత్త మొక్క వేసి అది కాపుకు వచ్చేదాకా ఏళ్లు పడుతుంది. ‘చెట్టు పడిపోయినోడికి ఇస్తే సోమరితనం ఏటి? చెట్టే లేనోడు రాయించుకున్నాడు సూడు, అది తప్పు’ అంది. ఇప్పుడు నేను ఏ గడి నొక్కాలి? సాయం ఎందుకు, ఎవరికి, ఎంతకాలం అన్న మూడు ప్రశ్నలు ఆమె ఒక్క జవాబులో ఉన్నాయి. క్విజ్‌లో వాటికి చోటు లేదు.

పొలిటికల్ కంపాస్‌లో జ్యోతిషం చాలా విషయాలను కచ్చితంగా వివరిస్తుందా అని కూడా ఒక వాక్యం ఉంది. అది చదివితే, ‘పెళ్లికి ముహూర్తం సూడొద్దా మరి’ అని వెంటనే అంది. ఒక నిమిషం ఆగి, కిడ్నీ జబ్బుతో పోయిన తన మరిది పేరు తలచుకుని, ‘జబ్బుకి జాతకమేటి సేస్తాది, డయాలసిస్సే సెయ్యాల’ అంది. మన ప్రాంతంలో అన్ని పార్టీల వాళ్లూ నామినేషన్‌కు ముహూర్తం చూసుకుంటారు. ఆ వాక్యానికి అవునంటే మనిషి రాజకీయంగా ఎటు జరుగుతాడో ఇంగ్లండులో ఏమో గానీ, ఉద్దానంలో మాత్రం ఎటూ జరగడు. తల్లులు ఉద్యోగాలు చేయవచ్చు కానీ ఇంటిని చూసుకోవడమే వారి మొదటి బాధ్యత అన్న వాక్యానికైతే ఆమె నవ్వేసింది. పలాస జీడిపప్పు ఫ్యాక్టరీల్లో పిక్కలు వలిచే ఆడవాళ్లెవరూ ఇల్లా పనా అని తేల్చుకుని బయలుదేరరు. పనికి పోకపోతే ఇల్లే నడవదు. 

ఆరోజు నాకు అర్థమైంది ఏమిటంటే, పిన్నికి బలమైన రాజకీయ అభిప్రాయాలు ఉన్నాయి. వాటికి కారణాలు ఉన్నాయి, ఆ కారణాల వెనక ఆమె చూసిన మనుషులు ఉన్నారు. నేను నొక్కగలిగిన నాలుగు గడుల్లో ఒక్కటి కూడా వాటిని పట్టలేకపోయింది.

తెలుగులో ఇంకో చిక్కు ఉంది. మన పత్రికలు కుడివైపు భావాలను ‘మితవాదం’ అని రాస్తాయి. అదే మాటను 1907లో సూరత్‌లో కాంగ్రెస్ చీలినప్పటి కథ చెప్పేటప్పుడు గోఖలే వర్గానికి వాడతాం. అక్కడ దాని అర్థం నిదానంగా, చట్టబద్ధంగా వెళ్లేవారని. బడిలో చదువుకున్న మితవాదమూ, నేటి వార్తలో చదివే మితవాదమూ ఒకటి కావు. ‘ఉదార’ అన్న మాట అంతకన్నా జారుడుగా ఉంటుంది. 1991 తర్వాత వచ్చిన ఆర్థిక ఉదారీకరణ అంటే మార్కెట్‌కు స్వేచ్ఛ. అమెరికా వార్తల్లో ఉదారవాది అంటే పేదల కోసం ప్రభుత్వం ఎక్కువ ఖర్చు పెట్టాలనేవాడు. మీ అన్నయ్యా మీరూ ఒకే మాటకు వేరువేరు అర్థాలు అనుకుని ఉండవచ్చు. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని, మీ జవాబులు వేరుపడిన వాక్యాలను మాత్రమే తీసుకుని, ఒకరికొకరు కారణం చెప్పుకోండి. చుక్కలను పక్కన పెట్టి ఆ కారణాలను ఒక కాగితం మీద రాసుకుంటే, మీరు అడిగిన ప్రశ్నకు జవాబు దొరకడం మొదలవుతుంది.

మీ నాన్నగారి విషయం చెప్పకుండా ఈ జవాబు ముగించలేను. 1967 అక్టోబరు 31న పార్వతీపురం ఏజెన్సీలోని లేవిడి దగ్గర కోరన్న, మంగన్న అనే ఇద్దరు గిరిజనులను కాల్చి చంపారు. ఆ తర్వాత మూడు నాలుగేళ్లు అప్పటి శ్రీకాకుళం జిల్లా కొండలూ పల్లెలూ చూసినదాన్ని చరిత్ర శ్రీకాకుళ గిరిజన రైతాంగ పోరాటం అంటుంది. దానిపై ఎవరి అభిప్రాయం ఏదైనా కావచ్చు. కానీ ఆ ప్రాంతంలో పుట్టిన మనిషికి ‘ఎడమ’ అన్న మాట వినగానే గుర్తొచ్చేది పటం మీద గడి కాదు. రాత్రిపూట తలుపు కొట్టిన చప్పుడు గుర్తొస్తుంది, ఊళ్లో తిరిగి రాని మనిషి గుర్తొస్తాడు. మీ నాన్నగారు లేచి వెళ్లిపోయింది మీ మీద కోపంతో అయి ఉండదు. ఆయన్ని క్విజ్ చేయమనవద్దు. ఆ రోజుల గురించి తెలిసింది చెప్పమని అడగండి.

ప్రశ్న: మా మనవడు నాతో ఇలాంటి క్విజ్ ఒకటి చేయించాడు. ప్రశ్నలన్నీ ఎక్కడో యూరప్ వాళ్ల కోసం రాసినట్టున్నాయి. మన ప్రాంతం వాళ్ల కోసం రాస్తే ఏమేమి అడగాలి?
– ఒక విశ్రాంత ఉద్యోగి, శ్రీకాకుళం

జవాబు: మీ ప్రశ్న నాకు చాలా నచ్చింది. ఈ ప్రాంతపు మనుషులు నిజంగా వాదించుకున్న విషయాలే అడగాలి. అవి అడిగితే గీతలు ఎక్కడ తడబడతాయో కూడా తెలుస్తుంది.

ఒకప్పుడు శ్రీకాకుళం జిల్లాలో ఉండి, 2022 నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలో ఉన్న సీతంపేటనే తీసుకోండి. అక్కడ 1959 నాటి భూ బదలాయింపు నిబంధనలు అమల్లో ఉన్నాయి. వాటికి 1970లో చేసిన సవరణనే అందరం ‘వన్ ఆఫ్ సెవెంటీ’ అంటాం. దాని ప్రకారం షెడ్యూల్డు ప్రాంతంలోని భూమి గిరిజనేతరుల చేతికి వెళ్లడానికి వీల్లేదు. ‘తన ఆస్తిని తనకు ఇష్టమైనవారికి అమ్ముకునే హక్కు ప్రతి మనిషికీ ఉండాలి’ అని క్విజ్ అడిగితే, స్వేచ్ఛ కోరే మనిషి అవునంటాడు, కుడివైపు కిందికి జరుగుతాడు. ఆ మనిషే సీతంపేట సంతలో అప్పుకు పోడుభూమి పోగొట్టుకున్న కుటుంబాన్ని చూసినవాడైతే ఈ చట్టం ఉండాలంటాడు. తన స్వేచ్ఛను తగ్గించే చట్టమే తన జాతిని భూమి మీద నిలబెడుతోందని చెప్పే గిరిజనుడి చుక్క ఏ గడిలో పెడతాం?

మద్యనిషేధం ఇంకో ఉదాహరణ. ఏం తాగాలో ప్రభుత్వం చెప్పకూడదన్నది ఆ పటం ప్రకారం స్వేచ్ఛావాదం, చెప్పాలన్నది నిరంకుశత్వం. కానీ 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లతో రాజుకున్న సారా వ్యతిరేక ఉద్యమం, 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధాన్ని, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధాన్ని తెచ్చింది. సంపూర్ణ నిషేధాన్ని 1997లో సడలించారు. ఆ ఆడవాళ్లు నిషేధం కోరింది తమ ఇంట్లో తాము బతకగలిగే స్వేచ్ఛ కోసం. నిషేధం ఫలించిందా లేదా అన్నది వేరే చర్చ. కోరినవారిని నిరంకుశవాదుల గడిలో వేసే పటం మాత్రం వారి మాట వినలేదనే అంటాను.

సోంపేట గురించి అడగాలి. బీల భూముల్లో థర్మల్ విద్యుత్ కేంద్రం వద్దన్నవారి మీద 2010 జులై 14న పోలీసులు కాల్పులు జరిపితే ఇద్దరు చనిపోయారు. ‘అభివృద్ధి కావాలా, పర్యావరణం కావాలా’ అని అడిగితే అక్కడివారికి ప్రశ్నే అర్థం కాదు. చేపలు పట్టుకునే, వరి పండించుకునే తడినేల పోవడమే వారి దృష్టిలో జీవనం పోవడం. పంచాయతీ ఎన్నికల్లో ఇద్దరి కంటే ఎక్కువ పిల్లలున్నవారు పోటీ చేయకూడదన్న నిబంధన గురించీ అడగవచ్చు. 1994 చట్టంతో వచ్చిన ఆ నిబంధనను మన శాసనసభ 2024లో తొలగించింది. మొదట జనాభా పెరుగుతోందని పెట్టారు, తర్వాత జననాల రేటు పడిపోతోందని తీసేశారు. రెండు నిర్ణయాలనూ ఒప్పుకున్నవారు ఎడమా కుడీ అని అడిగితే జవాబు లేదు.

మన దేశానికి ఏ గీతలు సరిపోతాయని ఆలోచించిన పండితులూ ఉన్నారు. ప్రదీప్ ఛిబ్బర్, రాహుల్ వర్మ 2018లో వచ్చిన తమ పుస్తకంలో భారతీయుల భావజాలాన్ని రెండు ప్రశ్నల మీద చూడవచ్చని వాదించారు. సమాజపు ఆచారాల్లో, ఆస్తి పంపకంలో ప్రభుత్వం ఎంత మేరకు చేయి పెట్టాలన్నది మొదటిది. వెనకబడిన, అల్పసంఖ్యాక వర్గాలను ప్రభుత్వం ప్రత్యేకంగా గుర్తించి ఆదుకోవాలా అన్నది రెండోది. రిజర్వేషన్ల గురించి టీకొట్టు దగ్గర ఒక్క పూట వాదన విన్నవారికి ఈ రెండో ప్రశ్న ఎంత అవసరమో వేరే చెప్పనక్కర్లేదు.

ప్రశ్న: అసలు రాజకీయాల్లో ఎడమ, కుడి అన్న మాటలు ఎలా వచ్చాయి?
– ఒక పాఠకుడు, రాజాం

జవాబు: ఫ్రాన్సు నుంచి వచ్చాయి. 1789లో అక్కడి జాతీయ సభలో, చట్టాలను తోసిపుచ్చే అధికారం రాజుకు ఉండాలా అన్న చర్చ జరిగినప్పుడు, రాజు పక్షాన ఉన్నవారు సభాధ్యక్షుడికి కుడివైపు, మార్పు కోరినవారు ఎడమవైపు చేరారు. మన లోక్‌సభలో కూడా స్పీకరుకు కుడిపక్కన అధికార పక్షం, ఎడమపక్కన ప్రతిపక్షం కూర్చుంటాయి. అయితే ఇక్కడ ఆ కుర్చీలకు భావజాలంతో సంబంధం లేదు. ఎన్నికల్లో ఓడితే కుడివైపు పార్టీ కూడా ఎడమవైపు కుర్చీల్లోకి వెళ్తుంది.

ప్రశ్న: ఎన్నికల ముందు మా వాట్సాప్ గ్రూపులో ఒక లింకు వచ్చింది. ‘మీకు సరిపోయే పార్టీ ఏదో తెలుసుకోండి’ అని ఉంది. ఇరవై ప్రశ్నలకు జవాబిచ్చాక, ఫలితం చూపాలంటే ఫోన్ నంబరు, మండలం, కులం నింపమంది. నింపాను. మర్నాటి నుంచి ప్రచారపు కాల్స్ మొదలయ్యాయి. నేను తప్పు చేశానా?
– ఒక యువకుడు, టెక్కలి

జవాబు: తప్పు ఆ లింకు తయారుచేసినవారిది. కానీ మీరు ఇచ్చిన వివరాల విలువ ఎంతో ఇప్పుడైనా తెలుసుకోవాలి. అభిప్రాయం ఒక్కటే వారికి పెద్దగా పనికిరాదు. దాని పక్కన ఫోన్ నంబరు, మండలం, కులం చేరితే, ఏ ఊళ్లో ఏ కులంలో ఏ విషయం మీద ఎవరు ఊగిసలాడుతున్నారో చెప్పే జాబితా తయారవుతుంది. ఏ మాట చెబితే ఓటు మారుతుందో మీరే మీ చేత్తో రాసిచ్చినట్టయింది.

2018లో బయటపడిన కేంబ్రిడ్జ్ అనలిటికా అనే ఎన్నికల ప్రచార సలహా సంస్థ వ్యవహారం కూడా ఒక క్విజ్‌తోనే మొదలైంది. అలెగ్జాండర్ కోగన్ అనే పరిశోధకుడు ఫేస్‌బుక్‌లో వ్యక్తిత్వ పరీక్ష పేరుతో ఒక యాప్ పెట్టాడు. దాన్ని వాడినవారి వివరాలతో పాటు వారి స్నేహితుల వివరాలూ ఆ సంస్థ చేతికి వెళ్లాయి. మొత్తం 8 కోట్ల 70 లక్షల మంది దాకా వివరాలు అలా వెళ్లి ఉండవచ్చని ఫేస్‌బుక్కే చెప్పింది. భారతదేశంలో ఆ యాప్‌ను పెట్టుకున్నవారు 335 మంది. వారితో కలిపి ప్రభావితులై ఉండగలవారి సంఖ్య 5,62,455 అని ఆ కంపెనీ అప్పుడు ప్రకటించింది. ఒక్కరు నొక్కితే ఊరంతా జాబితాలోకి ఎక్కడమంటే అదే.

మన ఓటు రహస్యం. ఎవరికి ఓటేశావో చెప్పమని ఏ సాక్షినీ బలవంతం చేయకూడదని 1951 నాటి ప్రజా ప్రాతినిధ్య చట్టంలోని 94వ సెక్షన్ చెబుతోంది. కోర్టు కూడా అడగలేని దాన్ని, ముక్కూ మొహం తెలియని లింకు అడిగితే మనం ఇష్టపూర్వకంగా ఇచ్చేస్తున్నాం. యూరప్‌లో 2018 నుంచి అమల్లో ఉన్న చట్టం రాజకీయ అభిప్రాయాలను ప్రత్యేక రక్షణ ఉన్న సమాచారంగా లెక్కిస్తుంది. మన 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టంలో అలాంటి ప్రత్యేక వర్గం లేదు. నాకు ఇది పెద్ద లోటుగా కనిపిస్తోంది. అయినా, ఎందుకు తీసుకుంటున్నారో స్పష్టంగా చెప్పి సమ్మతి పొందాలని, ఇచ్చిన సమ్మతిని మనం వెనక్కి తీసుకోవచ్చని ఆ చట్టం కూడా అంటోంది.

ఇక మీద ఫలితం చూపడానికి ఫోన్ నంబరు అడిగే క్విజ్‌ను అక్కడే మూసేయండి. నిజంగా మీ కోసమే తయారుచేసిన క్విజ్‌కు మీ నంబరుతో పని ఉండదు. కులం, రేషన్ కార్డు నంబరు అడిగితే ఆ లింకును మీ గ్రూపులో ఎవరూ తెరవవద్దని చెప్పండి. వచ్చే కాల్స్‌ను బ్లాక్ చేయండి. ఆ లింకు పంపినవారు తెలిసినవారే అయితే, వారికి ఎవరు పంపారో అడగండి.

ప్రశ్న: నేను జూనియర్ కళాశాలలో పౌరశాస్త్రం చెబుతాను. ఇంటర్ రెండో సంవత్సరం పిల్లలకు కొద్దికాలంలో ఓటుహక్కు వస్తుంది. తరగతిలో ఇలాంటి క్విజ్ చేయించవచ్చా? ఎవరైనా అభ్యంతరం చెబుతారేమోనని సంకోచంగా ఉంది.
– ఒక అధ్యాపకురాలు, బొబ్బిలి

జవాబు: మీ సంకోచం సబబే. పిల్లల చుక్కలు బోర్డు మీద వేస్తే, సాయంత్రానికల్లా ‘ఆ బెంచీ వాళ్లంతా ఫలానా’ అన్న ముద్ర పడుతుంది. బొబ్బిలి లాంటి ఊళ్లో అది ఇంటిదాకా, వీధిదాకా వెళ్తుంది. అందువల్ల ఫోన్లలో క్విజ్ చేయించవద్దు, ఎవరి ఫలితాన్నీ అందరిముందు అడగవద్దు. అలాగని ఈ ఆలోచనను పూర్తిగా వదిలేయనూ వద్దు. 61వ రాజ్యాంగ సవరణ 1989 నుంచి 18 ఏళ్లకే ఓటు ఇచ్చింది. ఆ ఓటు వేయడానికి ముందు కారణం చెప్పడం అలవాటు కావాలంటే తరగతి గదికి మించిన చోటు లేదు.

జర్మనీ వారి పద్ధతి మీకు పనికొస్తుంది. అక్కడ ప్రభుత్వ పౌరవిద్యా సంస్థ 2002 నుంచి ఎన్నికల ముందు ‘వాల్-ఓ-మాట్’ అనే క్విజ్ నడుపుతోంది. అందులో 38 వాక్యాలు ఉంటాయి. పోటీ చేసే పార్టీలే ఆ వాక్యాలకు ముందుగా జవాబిచ్చి, తమ కారణాలు కూడా రాసిస్తాయి. పాఠకుడు ఒప్పుకుంటాను, ఒప్పుకోను అనడంతో పాటు తటస్థంగా ఉండవచ్చు, వాక్యాన్ని వదిలేయవచ్చు, తనకు ముఖ్యమైనదానికి రెట్టింపు విలువ ఇవ్వవచ్చు. మనిషి మనసు ఇదీ అని తేల్చడం దాని పని కాదు. ఏ పార్టీ ఏ విషయం మీద ఏం చెప్పిందో పక్కపక్కన పెట్టి చూపిస్తుంది. దానికి ముందు నెదర్లాండ్స్‌లో 1989లో ఇలాంటిదే బడిపిల్లల కోసం కాగితం మీద మొదలైంది. అంటే మీరు చేయబోతున్న పని కొత్తదేమీ కాదు.

మీరు ఇలా చేసి చూడండి. పది వాక్యాలు మీరే రాయండి, పార్టీల పేర్లు ఎక్కడా రానివ్వకండి. బొబ్బిలి పిల్లలకు తెలిసినవి తీసుకోండి. మూతపడిన జూట్ మిల్లును ప్రభుత్వం తెరిపించాలా, ఆ స్థలాన్ని అమ్మి కార్మికుల బకాయిలు తీర్చాలా? ఆడవాళ్లకు బస్సు ప్రయాణం ఉచితంగానే ఉండాలా, ఆ డబ్బుతో పల్లెలకు ఇంకొన్ని బస్సులు నడపాలా? ప్రతి పిల్లా పిల్లాడూ పేరు లేని కాగితం మీద జవాబుతో పాటు ఒక్క కారణం రాయాలి. ‘తెలియదు’ అన్న జవాబుకు కూడా గౌరవం ఉండాలి, కానీ ఏం తెలిస్తే జవాబు చెప్పగలరో రాయాలి. కాగితాలు కలిపేసి, మీరు ఒక్కొక్క కారణాన్నీ పైకి చదవండి. ఎవరు రాశారో ఎవరికీ తెలియదు కాబట్టి, వాదన మనిషితో కాకుండా కారణంతో జరుగుతుంది.

రెండు వారాల తర్వాత అవే పది వాక్యాలను మాటలు కొద్దిగా మార్చి మళ్లీ ఇవ్వండి. ‘అనుమతించాలి’ అన్నచోట ‘నిషేధించకూడదు’ అని రాయండి. ఎన్ని జవాబులు మారాయో పిల్లలే లెక్కపెడతారు. ప్రిన్సిపాల్ గారికి ముందుగా ఆ పది వాక్యాలు చూపించి అనుమతి తీసుకోండి, తల్లిదండ్రుల్లో ఎవరైనా అడిగితే అదే కాగితం వారి చేతిలో పెట్టండి. వాక్యాలు తయారయ్యాక ఒక ప్రతి మాకూ పంపితే, ఇతర అధ్యాపకులకు ఉపయోగపడేలా ఈ శీర్షికలో ప్రచురిస్తాం.